వర్లీల గది, చెరువు కింద అరెకరం



నెల రోజుల నుంచి పేజీల ఏం రాస్తలేవేంది అని కొందరు అడిగిండ్రు. వడ్లు కాంటా అయినంక బొంబాయి పోయి వచ్చిన. వచ్చినప్పటి నుంచి రాయాల్నా వద్దా అని మనసుల కొట్టుకులాడుతున్నది. ఈసారి మిర్చి తెగులు ముచ్చట కాదు, యూరియా లైను ముచ్చట కాదు. ఇంటి ముచ్చట. జర పెద్ద పోస్టు, ఓపిక ఉన్నోళ్లు చదువుండ్రి.

నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మా ఇంట్ల బొంబాయి అంటే ఒక్కటే, వర్లీ. మా చిన్నాయన అక్కడ మిల్లుల పనిచేసేటోడు. అప్పట్ల మన దిక్కు నుంచి, కరీంనగర్ దిక్కు నుంచి, నల్లగొండ దిక్కు నుంచి వేలల్ల జనం బొంబాయి మిల్లులకు పోయిండ్రు. అంతకన్న ఎంతో ముందే మన తెలంగాణ నుంచి కామాఠీలు పోయి అక్కడ కట్టుబడి పనులు చేసిండ్రు. వాళ్ల పేరు మీదనే కామాఠీపురా వచ్చింది. అంటే బొంబాయి మనకు కొత్త ఊరేం కాదు.

మా తాతకు నాలుగెకరాలు. ఇద్దరు కొడుకులు, మా బాపు, మా చిన్నాయన. 1969ల చిన్నాయన ఇరవై ఏండ్ల పిలగాడు. బాయిల నీళ్లు లేవు, చెరువు నిండితేనే పంట. ఊరోళ్లు ఇద్దరు పోతుంటే వాళ్లెనుక తనూ రైలెక్కిండు. మొదాలు ఒక్క గదిల పదిమంది ఉన్నరట. పగటి షిఫ్టోళ్లు లేస్తే రాత్రి షిఫ్టోళ్లు అదే చాప మీద పండుకునేది. 1976ల వర్లీ బీడీడీ చాల్‌ల ఆయనకంటూ ఒక గది దొరికింది. చాల్ అంటే మన దిక్కు లైను ఇండ్ల లెక్క, గానీ అంతస్తుల మీద అంతస్తులు. చిన్నమ్మను తీసుకపోయి కాపురం పెట్టిండు.

1982 జనవరి 18 నాడు బొంబాయి మిల్లులల్ల సమ్మె మొదలైంది. దత్తా సామంత్ నాయకుడు. రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపేసిండ్రు. నాకప్పుడు పన్నెండేండ్లు. చిన్నాయన, చిన్నమ్మ, చంకల పిలగాడు ముగ్గురు ఊరికి వచ్చి నాలుగు నెలలు మాతోనే ఉన్నరు. నాకు గుర్తున్నది ఏందంటే, చిన్నాయన పొద్దుగాలనే చెరువు కట్ట మీదికి పోయి ఒక్కడే కూసునేటోడు. సమ్మె ఏడాది దాటింది. చాల మిల్లులు మళ్ల తెరవనే లేదు. ఆయన చేసే మిల్లూ అంతే. రావాల్సిన పైసలు పూరాగ రాలే.

అప్పులోళ్లు గది మీద పడ్డరు. గది వేరేటోనికి అప్పజెప్పి, వచ్చినకాడికి తీసుకొని ఊరికి వచ్చేస్త అని చిన్నాయన ఉత్తరం రాసిండు. బాపు వద్దన్నడు. "గది ఇడవకు, పైసలు నేను పంపుత" అని, చెరువు కింద ఉన్న అరెకరం అమ్మి ఆరు వేలు పంపిండు. మాకున్న భూమిల అదే మంచి పొలం. తూము పక్కనే, మొదటి తడి దానికే. ఆ పొలం పోయిన రోజు మా అమ్మ అన్నం తినలే.

చిన్నాయన గది నిలబడ్డది. తర్వాత ఒక గోదాముల వాచ్‌మన్‌గ చేసి 2011ల అక్కడనే చనిపోయిండు. బాపు అంతకు రెండేండ్ల ముందే పోయిండు.

ఇగ ఇప్పుటి సంగతి. ఆ బీడీడీ చాళ్లను కూలగొట్టి ప్రభుత్వం మ్హాడా సంస్థతోని పెద్ద పెద్ద బిల్డింగులు కట్టిస్తున్నది. పాత గది 160 చదరపు అడుగులు. దాని బదులు 500 చదరపు అడుగుల ఫ్లాటు, ఫ్రీగ, సొంతం. 2025 ఆగస్టుల మొదటి 556 కుటుంబాలకు తాళంచెవులు ఇచ్చిండ్రు. ఆ వీడియో మా తమ్ముడు, అంటే చిన్నాయన పెద్దకొడుకు, ఫ్యామిలీ గ్రూపుల పెట్టిండు. "మా బిల్డింగు వంతు కూడ వస్తది అన్నా" అని రాసిండు.

ఆ వీడియో చూసినంక మా ఇంట్ల ముచ్చట మారింది. వర్లీల ఫ్లాటు అంటే కోట్లల్ల మాట అని మా బామ్మర్ది ఫోన్ల చూసి చెప్పిండు. "ఆ గది నిలబడ్డది మీ పొలంతోని. అడుగవా?" అన్నడు. కొడుకు బీటెక్ అప్పు ఉన్నది. రెండు బోర్లు ఫెయిలైన అప్పు ఉన్నది. మా ఇంటామె నోరు తెరిచి అడుగుమనలే గానీ, బాపు చిట్టా బుక్కు అటక మీదికెళ్లి దించి నా ముందట పెట్టింది. అందుల బాపు చేతిరాత ఉన్నది. "తమ్మునికి రూము కొరకు 6,000. చెరువు కింది అరెకరం." అంతే. కింద సంతకం లేదు, సాక్షి లేడు.

ఆ కాగితం ఫోటో తీసుకోలే. చింపనూ లే. బుక్కే సంచిల పెట్టుకున్న. చాల్ కూలగొట్టకముందు ఒక్కసారి చూసి వస్త అని అందరికీ చెప్పిన. చూసుడు నిజమే. గానీ అడుగుడు కోసం పోయిన, అది కూడ నిజమే.

వరంగల్ల కోణార్క్ ఎక్కిన. కొత్త బియ్యం ఇరవై కిలోలు, కారం రెండు కిలోలు, సకినాలు. మరునాడు తెల్లారకముందే దిగితే తమ్ముడు స్టేషన్‌కు వచ్చిండు. టాక్సీ నడుపుతడు. తెలుగు మాట్లాడుతడు గానీ మూడు మాటలకు ఒక మరాఠీ మాట వస్తది. నన్ను చూసి కాళ్లు మొక్కిండు. సంచిల చిట్టా బుక్కు ఉన్నది కదా, నాకు ఒక తీరుగ అనిపించింది.

వర్లీ అంటే నేను సముద్రం ఒడ్డున పెద్దోళ్ల మేడలే అనుకున్న. అవీ ఉన్నయి, మెడ ఎత్తి చూస్తే టోపీ పడిపోయేటంత ఎత్తు. గానీ వాటి నీడల ఈ చాళ్లు ఉన్నయి. ఒక్క వర్లీలనే 121 బిల్డింగులు. నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషి మార్గ్, శివడీ కూడ కలిపితే మొత్తం 207. ఇంగ్లీషోళ్ల కాలంల 1920ల బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ అని ఒకటి పెట్టి కట్టించిండ్రు. బీడీడీ అంటే అదే. గవర్నరు పేరు జార్జ్ లాయిడ్. అంటే ఆ గోడలకు వందేండ్లు.

ఒక్కో బిల్డింగు కింద అంతస్తు కలిపి నాలుగు అంతస్తులు. అంతస్తుకు ఇరవై గదులు, నడుమ పొడుగు వసారా, దానికి అటుపది ఇటుపది. మొత్తం ఎనభై గదులు. పాయఖానాలు అందరికీ కలిపే. వసారాల పట్టపగలు కూడ లైటు వేస్తేనే కనపడుతది. మెట్ల అంచులు నడుమల అరిగి గుంటలు పడ్డయి, మన ఊర్ల రోలు రాయి లెక్క. ఎన్ని కాళ్లు ఎక్కి దిగినయో.

చిన్నాయన గది మూడో అంతస్తు. లోపలికి పోయినంక నేను మనసులనే కొలిచిన. ఎవుసం చేసేటోని అలవాటు. ఒక గుంట అంటే 1,089 చదరపు అడుగులు. గది 160. గుంటల ఏడో వంతు కన్న జరంతనే ఎక్కువ. మా బాపు అమ్మిన అరెకరంల గిసుంటి గదులు 136 పడతయి. ఈ ఒక్క గదిల చిన్నాయన, చిన్నమ్మ, ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ, పైకెళ్లి ఊరి నుంచి పని కోసం వచ్చినోళ్లు ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉండేటోళ్లట. సగం ఎత్తుల చెక్కలతోని అటక వేసుకున్నరు. పిల్లలు దాని మీద చదువుకున్నరు. ఒక మూలకు మోరీ, ఒక మూలకు స్టవ్వు, గోడకు చిన్నాయన ఫోటో. ఫోటో పక్కన మా తాత ఫోటో. అది మా ఇంట్ల కూడ లేదు.

చిన్నమ్మకు డెబ్బై దాటినయి. నన్ను పట్టుకొని ఏడ్చింది. బియ్యం సంచి విప్పి దోసెట్ల తీసుకొని వాసన చూసింది. "ఏ పొలం బియ్యం బిడ్డా?" అని అడిగింది. "కాలువ కింది మడి చిన్నమ్మా" అన్న. "చెరువు కిందిది కాదా" అన్నది. నేను ఏం అనలే.

రాత్రి గదిల ఆడోళ్లు, పిల్లలు పండుకున్నరు. నేను, తమ్ముడు వసారాల చాపలు వేసుకున్నం. మా లెక్క ఇంకో పది పదిహేను మంది ఉన్నరు. పక్కాయన కొంకణం మనిషి, అవతలాయన సోలాపూర్. ఒకాయన నాతోని తెలుగుల మాట్లాడిండు. వాళ్ల తాతది జనగామ దిక్కట, తను ఎప్పుడూ మన ఊర్లు చూడలేదట. "అక్కడ మాకు ఏమన్న భూమి ఉన్నదేమో తెల్వదు" అని నవ్వుకుంట అన్నడు. నేనూ నవ్విన. గానీ ఆ మాట తర్వాత చానసేపు నిద్ర పట్టలే.

తెల్లారి తమ్ముడు సముద్రం చూపిస్త అని తీసుకపోయిండు. నడిచే దూరమే. యాభై ఐదేండ్లకు మొదటిసారి సముద్రం చూసిన. అందరూ అలలు అలలు అంటరు గానీ నాకు ముందుగాల కట్ట కనపడ్డది. పొడుగ్గ గోడ, గోడ కింద నాలుగు కాళ్ల సిమెంటు దిమ్మెలు కుప్పలు పోసి ఉన్నయి, నీళ్ల దెబ్బ ఆపడానికి. మన చెరువు కట్టకు లోపలి దిక్కు రాళ్లు పేర్చినట్టే. పొద్దున నీళ్లు గోడ దాక ఉన్నయి. మాపటికి వచ్చి చూస్తే దూరం పోయి నల్లరాళ్లు తేలినయి. ఒక్క రోజుల రెండుసార్లు నిండి రెండుసార్లు దిగే చెరువు! మనకు మూడేండ్లకు ఒకసారి నిండితేనే పండుగ.

ఎదురుంగ బాంద్రా-వర్లీ సీ లింకు. 2009ల తెరిచిండ్రు, ఐదున్నర కిలోమీటర్ల పైన. ఇప్పుడు కోస్టల్ రోడ్డు కూడ వచ్చి దానికి కలిసింది. తమ్ముడు చదువుకున్నది పదో తరగతి గానీ ఆ ఊరి ముచ్చట్లు మస్తుగ చెప్తడు. బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులట, అందుల వర్లీ ఒకటి. వర్లీకి, అసలు బొంబాయి దీవికి నడుమ సముద్రం పోటు వచ్చినప్పుడల్ల పల్లం భూములన్ని మునిగేవట. హార్న్‌బీ అనే గవర్నరు అక్కడ అడ్డం కట్ట పోయించిండు. 1784 ప్రాంతంల అది పూర్తయింది. ఆ ఒక్క కట్టతోని ఎంత భూమి తేలిందో, దాని మీద ఎన్ని మేడలు లేచినయో. కట్ట విలువ రైతుకు వేరే చెప్పాల్నా.

సముద్రం ఒడ్డు పట్టుకొని ఉత్తరం కొసకు పోతే వర్లీ కోలీవాడా. కోలీలు అంటే అక్కడి బెస్తోళ్లు. దీవులున్నప్పటి నుంచి ఉన్నది వాళ్లే. కొసన చిన్న కోట, 1675 ప్రాంతంల ఇంగ్లీషోళ్లు కట్టింది. సందులు మన పాత వాడల లెక్కనే, ఇద్దరు ఎదురైతే ఒకరు ఆగాలె. ఆడోళ్లు చేపలు ఎండబోస్తున్నరు. ఈ కోస్టల్ రోడ్డు కట్టేటప్పుడు వాళ్ల పడవలు వచ్చిపోయే తోవల బ్రిడ్జి పిల్లర్లు పడ్డయి. పిల్లరుకు పిల్లరుకు నడుమ 60 మీటర్లే అన్నరట. గాలిల, అలలల్ల పడవ ఊగుతది, గుద్దుకుంటది అని వాళ్లు పని ఆపి కొట్లాడిండ్రు. ఆఖరికి సర్కారు ఒప్పుకొని 120 మీటర్లు చేసింది. వాళ్లు అడిగింది 200 వరకు గానీ సగమన్న దొరికింది. వాళ్ల చేతుల సముద్రానికి పాసుబుక్కు లేదు. అయినా మాది అని నిలబడ్డరు. నాకు అది మస్తు నచ్చింది. అడిగితేనే దొరుకుతది అని నాకు నేను చెప్పుకున్న. సంచిల ఉన్న బుక్కు మతికి వచ్చింది.

వాపసు వచ్చేటప్పుడు లోయర్ పరేల్ దిక్కు తిప్పిండు. ఫీనిక్స్ మిల్లు ఇప్పుడు పెద్ద షాపింగ్ మాల్. పాత పొగగొట్టం మాత్రం ఉంచిండ్రు. దాని కింద పిల్లలు ఫోటోలు దిగుతున్నరు. "నాయిన దీని ముందట నుంచి పోతే తల ఎత్తకపోయేటోడు అన్నా. తన మిల్లు కాకున్నా సరే. ఏ మిల్లు గొట్టం చూసినా అంతే" అన్నడు తమ్ముడు.

అప్పుడు అడుగుదామనుకున్న. నోరు తెరిచిన. తమ్ముడే ముందుగాల మొదలుపెట్టిండు. ఫ్లాటు వస్తది గానీ నెలనెల మెయింటెనెన్సు కట్టాలె, లిఫ్టు పైసలు, నీళ్ల పైసలు, టాక్సీ గిరాకీ యాప్‌లు వచ్చినంక సగమైంది, చిన్నోడు భివండీల కిరాయికి ఉన్నడు, వాడూ పాలు అడుగుతున్నడు, చెల్లె సంగతి కూడ ఉన్నది. "ఒక్క ఫ్లాటు అన్నా. ముగ్గురం. గోడ పెట్టి కోసుకోలేం కదా" అన్నడు. నేను మళ్ల నోరు మూసుకున్న.

తెల్లారితే రైలు. ఆ రాత్రి అన్నం తిన్నంక, ఎండుచేపల పులుసు పెట్టింది చిన్నమ్మ, తమ్ముడు టాక్సీ తీసుకొని పోయిండు. కోడలు పక్కింటికి పోయింది. గదిల మేమిద్దరమే. చిన్నమ్మే అన్నది.

"బిడ్డా, నువ్వు ఊకెనే రాలే. ఏదో అడుగాలని వచ్చినవ్. రెండు రోజుల నుంచి చూస్తున్న. సంచి తల కింద పెట్టుకొని పండుకుంటున్నవ్."

నేను బుక్కు తీసి చూపించిన. ఆమెకు చదువు రాదు. నేనే చదివి వినిపించిన. ఆరు వేలు, అరెకరం.

ఆమె తల ఊపింది. "ఎరుకే. ఆ పైసలు రాకుంటే ఈ గది లేదు. మీ చిన్నాయన సచ్చేదాక మీ బాపు పేరు చెప్పుకుంటనే ఉన్నడు. నీకు పాలు కావాల్నంటే నా కొడుకులతోని మాట్లాడుత. గానీ నేనొకటి అడుగుత, చెప్పు. మీ తాత భూమి ఎంత?"

"నాలుగెకరాలు."

"కొడుకులు ఎందరు?"

"ఇద్దరు."

"ఇప్పుడు నీ పేరు మీద ఎంతున్నది?"

"మూడున్నర."

ఆమె ఇంక ఏం అనలే. వేళ్లు కూడ లెక్కపెట్టలే. పదో తరగతి పిలగాడు చేసే లెక్క అది. నేను ఇంటర్ చదివిన, ఎనిమిదేండ్ల నుంచి ఈ పేజీల మీకు ఎకరానికి పెట్టుబడి ఎంత, రాబడి ఎంత అని లెక్కలు రాసి పెడుతున్న. ఈ లెక్క మాత్రం ఒక్కనాడూ వేయలే. బాపు అమ్మిన అరెకరం బాపుదా, చిన్నాయనదా? చిన్నాయన పాలు రెండెకరాల నుంచే అమ్మి ఆయనకే పంపిండు అనుకున్నా, ఇంకా ఎకరంన్నర ఆయనది మా దగ్గరనే ఉన్నది. నలభై ఏండ్ల నుంచి ఆ ఎకరంన్నర పంట మేమే తిన్నం.

ఇంకో మాట కూడ వచ్చింది మనసులకు. రాయడానికి చెయ్యి ఆడుతలేదు, అయినా రాస్త. "గది ఇడవకు" అని బాపు ఎందుకన్నడు? తమ్ముడు ఆగం కావద్దనా? లేక తమ్ముడు ఊరికి వాపసు వస్తే భూమి పంచాల్సి వస్తదనా? రెండూ ఉండొచ్చు. బాపు లేడు, అడుగలేను. తమ్ముని కోసం మంచి పొలం అమ్ముకున్న మనిషిని ఇట్ల అనుమానించుడు తప్పేమో. గానీ అనుమానం వచ్చింది, వచ్చిందనే చెప్తున్న.

చిన్నమ్మ నన్ను తక్కువ చేసి మాట్లాడలే. "మేము ఆ భూమి అడుగలే, అడుగం. మీ చిన్నాయన అన్నడు, భూమి దున్నినోనిది, గది ఉన్నోళ్లది అని. నాకూ అదే" అన్నది. కాసేపు ఆగి, అసలు సంబంధం లేనట్టు అడిగింది.

"నా తర్వాత ఈ ఫ్లాటు ముగ్గురికీ అని చెప్పిన. బిడ్డ కూడ ఈ చెక్క మీదనే చదువుకున్నది కదా. కొడుకులు గునిగిండ్రు, గునగనీ. అవునుగానీ, మీ చెల్లెకు ఎంత ఇచ్చినవ్?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మా చెల్లెను కేసముద్రం దిక్కు ఇచ్చినం. 2009ల బాపు పోయినంక భూమి నా పేరు మీదికి మార్చుకునేటప్పుడు ఆమె వచ్చి ఎక్కడ సంతకం పెట్టుమంటే అక్కడ పెట్టింది. చీర పెట్టి, బస్సు ఎక్కించిన. 2018ల కొత్త పాసుబుక్కు వచ్చింది, ఒక్క నా పేరే. అదే ఏడాది ఎకరానికి నాలుగు వేల లెక్కన రైతుబంధు పడ్డది, నా ఖాతాలనే. ఆడపిల్లకు కూడ పాలు అని మన ఉమ్మడి రాష్ట్రంల 1986లనే చట్టం చేసిండ్రు. దేశమంత 2005ల చేసిండ్రు. నాకు తెల్వక కాదు. ఇదే పేజీల ఒకసారి ఆ చట్టం గురించి పోస్టు కూడ పెట్టిన. మీల కొందరు లైకు కొట్టిండ్రు.

తెల్లారి పోయేటప్పుడు చిన్నమ్మ గోడ మీది తాత ఫోటో తీసి నా చేతిల పెట్టింది. "కొత్త ఇంట్ల మేకులు కొట్టనియ్యరట" అన్నది. ఫోటో తీసిన జాగల గోడ తెల్లగ ఉన్నది, మిగతా అంత నల్లబడ్డది. మళ్ల నేను పోయేసరికి ఆ గోడ ఉండదు.

రైల్ల కూసొని లెక్కలు వేసుకుంట వచ్చిన. ఇంటికి రాంగనే అందరూ "అడిగినవా?" అన్నరు. అడుగలే అన్న. బామ్మర్ది నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూసిండు. మా ఇంటామె బుక్కు తీసుకొని మళ్ల అటక మీద పెట్టింది, ఒక్క మాట అనలే. నేను తాత ఫోటో గోడకు పెట్టిన.

వారం తర్వాత చెల్లె దగ్గరికి పోయిన. పత్తి ఏరుతున్నది, వేరేటోళ్ల చేన్ల, కూలికి. చేను గట్టు మీద కూసొని ముచ్చట మొత్తం చెప్పిన. గది, సముద్రం, చిన్నమ్మ అడిగిన మాట, అన్ని. ఆమె విన్నది. చేతిల పత్తి గింజలు గిల్లుకుంట కూసున్నది. నేను, "ఒక ఎకరం నీ పేరు మీద చేద్దామనుకుంటున్న" అన్న.

"ఇస్తే వద్దనను అన్నా. అడుగుమంటే మాత్రం అడుగ" అన్నది. లేచి మళ్ల సాలుకు పోయింది.

ఆ ఒక్క మాట నన్ను వదుల్తలేదు. కోలీవాడాల చూసినప్పుడు అడిగినోనికే దొరుకుతది అనుకున్న. పరాయోళ్ల దగ్గర, సర్కారు దగ్గర అది నిజమే. ఇంట్ల మాత్రం అడుగనోళ్లదే ఎక్కువ బాకీ ఉంటది. చిన్నాయన అడుగలే. చిన్నమ్మ అడుగలే. చెల్లె అడుగది. అడిగేటోన్ని నేనొక్కన్నే.

కొడుకుతోని మాట్లాడుతున్న. వానికి ఇష్టం లేదు, వాని బాధా అబద్ధం కాదు, అప్పు వానిదే కట్టాలె. ఇంటామె "నీ ఇష్టం" అన్నది. పెండ్లయినోళ్లందరికీ ఆ మాటకు అర్థం ఎరుకే. అయినా సంక్రాంతి దాటినంక తాసిల్దార్ ఆఫీసుల స్లాటు బుక్ చేస్త. ఎకరం చెల్లె పేరు మీద. చిన్నాయన ఎకరంన్నర సంగతి నాతోని అయితలేదు, అంత పెద్ద మనసు నాకు లేదు, ఉన్నమాట చెప్తున్న. ఏటా రెండు క్వింటాళ్ల బియ్యం వర్లీకి పంపుత అనుకున్న. అది పాలు కాదు. నాకు తెలుసు.

ఇదంత ఇక్కడ ఎందుకు రాసిన అంటే, నలుగురిల చెప్పినంక వెనుకకు పోవుడు కష్టం. ఉగాది వరకు నేను ఈ ముచ్చట మళ్ల ఎత్తకుంటే మీరే అడుగుండ్రి. గట్టిగనే అడుగుండ్రి.

మీ ఊరి నుంచి కూడ బొంబాయి, భివండీ, సోలాపూర్ పోయినోళ్లు ఉంటే, వాళ్ల ఇండ్లు కూలకముందు ఒకసారి పోయి చూసి రండ్రి. పోయేటప్పుడు తాత భూమి ఎంత, ఇప్పుడు ఎవరి పేరు మీద ఎంత ఉన్నది, ఆ లెక్క కూడ ఒకసారి వేసుకొని పోండ్రి.

ఉంట మరి. వచ్చే పోస్టుల మిర్చికి నల్ల తామర పురుగు సంగతి రాస్త.